జేబులో ఉక్కు: మడత చాకు ఎంపికకు ఒక రసాయన శాస్త్రజ్ఞుని సలహా

కృష్ణా జిల్లాలో రైతుగా జీవితమంతా గడిపిన మా తాతగారి రొండిన ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. చెరకుగడ చెక్కు తీయాలన్నా, గడ్డిమోపు కట్టిన తాడు తెంచాలన్నా, మనుమలకు పచ్చి మామిడికాయ కోసి ఉప్పూ కారం అద్ది ఇవ్వాలన్నా ఆయనకు ఆ చాకే సాధనం. ఊరి కమ్మరి చేసి ఇచ్చిన చాకు అది. గేదెకొమ్ము పిడి, మామిడి పులుపుకు నల్లబడిన అలుగు. 2003వ సంవత్సరంలో డాక్టరేటు చదువుకై నేను అమెరికా బయలుదేరినప్పుడు, కత్తిని చేతికి ఇవ్వరాదన్న ఆచారం పాటిస్తూ దానిని అరుగు మీద ఉంచి, "తీసుకోరా, అక్కడ పనికివస్తుంది" అన్నారు.

రెండేళ్ళ తరువాత ఒక శాస్త్ర సదస్సుకు బయలుదేరిన తొందరలో ఆ చాకు నా కోటు జేబులోనే ఉండిపోయింది. విమానాశ్రయంలో తనిఖీ దగ్గర బయటపడింది. వెనుకకు వెళ్ళి పెట్టెలో వేసి రావడానికి వ్యవధి లేదు. 2001 సెప్టెంబరు సంఘటనల తరువాత విమానంలో వెంట చాకు ఉంచుకోరాదని నాకు తెలియక కాదు. అజాగ్రత్త పూర్తిగా నాదే. ఎదురుగా ఉన్న డబ్బాలో దానిని వదలి ముందుకు నడిచాను. ఆ మరుసటి ఏడు తాతగారు కాలం చేశారు. చాకు సంగతి ఆయనకు చెప్పలేకపోయాను.

ఈ వేసవిలో ఇంజనీరింగు కళాశాలలో చేరబోతున్న మా అమ్మాయి, తనకు మంచి మడత చాకు ఒకటి కావాలని అడిగింది. "ఆడపిల్ల జేబులో కత్తేమిటండీ?" అని నా శ్రీమతి అభ్యంతరం చెప్పింది. "మన వంటింట్లో కత్తిపీట ఉంది కదమ్మా, దానిని చూసి ఎవరైనా భయపడుతున్నారా?" అని అమ్మాయి సమాధానం. అట్టపెట్టెలు తెరవడానికి, తీగల మీది తొడుగు తీయడానికి, ఆపిల్ పండు కోసుకోవడానికి దానికి చాకు కావాలి. తల్లి సందేహమూ కొట్టివేయదగినది కాదు, కూతురి అవసరమూ నిజమైనదే. ఇరువురికీ సమాధానం చెప్పవలసిన బాధ్యత నాపై పడగా, చేతితో చాకులు తయారుచేసే కళాకారులు తమ పనితనాన్ని అమ్మకానికి పెట్టే ఒక ప్రదర్శనకు వెళ్ళాను. అక్కడ బల్లల మీద వందల చాకులు. ప్రతి దాని ప్రక్కన ఒక ఉక్కు పేరు, ఒక ధర. ఏది మంచిది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతూ పోగా, అది నన్ను తిరిగి తెలుగుదేశానికే తీసుకొనిపోయింది.

పదును అనగా ఏమి?

శుద్ధమైన ఇనుము మెత్తనిది. దానికి నూటికి ఒక పాలు కర్బనం చేర్చితే స్వభావం మారిపోతుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఇనుప స్ఫటికంలో కర్బనానికి చోటు దాదాపు లేదు. 727 డిగ్రీల సెల్సియస్ దాటి ఎర్రగా కాగినప్పుడు ఆ స్ఫటికపు అమరికే మారి, కర్బన పరమాణువులు దానిలో ఇముడుతాయి. ఆ స్థితిలో దానిని హఠాత్తుగా నూనెలోనో నీటిలోనో ముంచితే, బయటపడే వ్యవధి లేక కర్బనం ఇనుములోనే చిక్కుకొంటుంది. బిగుసుకొనిపోయిన ఆ అమరికకే శాస్త్రజ్ఞులు మార్టెన్‌సైట్ అని పేరు పెట్టారు. ఉక్కు కాఠిన్యానికి మూలం అదే.

కాని ఆ స్థితిలో ఉక్కు గాజు వలె పెళుసు. క్రింద పడితే పగిలిపోవచ్చు. కనుక దానిని మరల సుమారు 200 డిగ్రీలకు మెల్లగా వేడిచేసి కొంత బిగువు సడలించాలి. ఉష్ణమాపకం లేని మన పల్లెటూరి కమ్మరి, సానపట్టిన ఉక్కు పైన ఎండుగడ్డి రంగు తేలే క్షణాన్ని కనిపెట్టి ఈ పని చేసేవాడు. ఆ రంగు ఒక పలుచని ఆక్సైడు పొర చూపే కాంతి విన్యాసమని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఎప్పుడు ఆపవలెనో అతని కంటికి తెలుసు.

చాకు ఉక్కుకు మూడు గుణాలు కావాలి. పదును నిలవాలి, విరగకూడదు, తుప్పు పట్టకూడదు. ఈ మూడూ ఒకే ఉక్కులో పూర్తిగా లభించవు. ఒకటి పెంచితే మరొకటి తగ్గుతుంది. చాకు ఎంచుకోవడమంటే ఈ మూడింటిలో దేనిని ఎంత వదులుకోగలమో నిర్ణయించుకోవడమే.

తాతగారి చాకు నల్లబడడానికి కారణం కూడా రసాయన శాస్త్రమే. మామిడికాయలోని ఆమ్లం ఇనుమును కొద్దిగా కరిగిస్తుంది. కాయలోని వగరు పదార్థాలు, అనగా టానిన్లు, ఆ ఇనుముతో కలసి నల్లని సమ్మేళనంగా మారుతాయి. పూర్వం కరక్కాయతో సిరా చేసిన పద్ధతి ఇదే. ఎర్రని తుప్పు లోహాన్ని తినివేస్తుంది గాని, తుడిచి వాడుకొంటే ఈ నల్లని పొర కొంతవరకు లోహాన్ని కాపాడుతుంది. తాతగారు పని కాగానే చాకును పంచె కొంగుతో తుడిచి మడిచేవారు. ఆ అలవాటే దాని ఆయుర్దాయం.

లండన్ చాకులో మన ఉక్కు

ప్రదర్శనలో ఎక్కువమందిని ఆకర్షిస్తున్నవి నీటి అలల వంటి చారలున్న చాకులు. వాటి ప్రక్కన "డమాస్కస్" అని రాసి ఉంది. ధర కూడా హెచ్చు. ఆ పేరు వెనుక మనవారి చరిత్ర ఒకటి ఉన్నది.

మన "ఉక్కు" అన్న మాటే ఇంగ్లీషులో "వూట్జ్" అయినదని పండితుల అభిప్రాయం. దక్షిణ భారతంలో ఇనుమును మట్టి మూసలలో ఉంచి, ఆకులు, కట్టెముక్కలు చేర్చి, మూతికి మట్టి మెత్తి, కొలిమిలో గంటల తరబడి కాల్చేవారు. ఆకులూ కట్టే కర్బనాన్ని సమకూర్చేవి. పంతొమ్మిదవ శతాబ్దపు వర్ణనలలో ఇందుకై వాడిన కట్టెగా పేర్కొన్నది తంగేడు. బతుకమ్మలో మన ఆడపడుచులు పేర్చే తంగేడు పువ్వు ఆ చెట్టుదే! మూస మట్టిలో వరి ఊక కలిపేవారు. మూస మెల్లగా చల్లారిన పిదప పగులగొడితే లోపల చిన్న ఉక్కు ముద్ద దొరికేది.

నేటి తెలంగాణలోని నిజామాబాద్ ప్రాంతంలో ఉన్న కోనసముద్రం ఈ పరిశ్రమకు ప్రసిద్ధి చెందిన గ్రామం. త్రికోణమితి సర్వేలో భూగర్భ శాస్త్రజ్ఞుడుగా పనిచేసిన హెన్రీ వోయ్‌సీ అక్కడి పద్ధతిని వర్ణించాడు. ఆ వ్యాసం ఆయన మరణానంతరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడింది. పారశీక దేశంలోని ఇస్ఫహాన్ నుండి వచ్చిన ఒక వర్తకుడు కోనసముద్రంలో మకాం వేసి ఉక్కు కొనుగోలు చేస్తున్నాడని అందులో ఉన్నది. అటువంటి ఉక్కుతో పశ్చిమాసియాలో కొట్టిన ఖడ్గాలే ఐరోపావారి నోట "డమాస్కస్ కత్తులు" అయినాయి. తెలుగునాట పుట్టి పెరిగిన నేను ఈ గ్రామం పేరు మొదటిసారి చదివినది అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అని ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుపడుతున్నాను.

ఇక మన విషయానికి మరింత దగ్గరి కథ. 1794లో డాక్టర్ హెలెనస్ స్కాట్ బొంబాయి నుండి ఈ ఉక్కు నమూనాలను లండన్‌లో రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. 1795లో జార్జ్ పియర్సన్ ప్రచురించిన పరిశోధన పత్రం ప్రకారం, అధ్యక్షుని కోరికపై జేమ్స్ స్టోడార్ట్ అనే చాకుల పనివాడు ఆ ఉక్కుతో చేసినది ఖడ్గం కాదు, ఒక చిన్న కలం చాకు! సుత్తికి లొంగడం కష్టమైనా, దాని పదును మేలైన ఉక్కు చాకులకు ఏ మాత్రం తీసిపోలేదని స్టోడార్ట్ గ్రహించాడు. తరువాత అతడు తన దుకాణంలో భారతీయ ఉక్కుతో చేసిన క్షురకత్తులను, శస్త్రచికిత్స పరికరాలను గర్వంగా అమ్మాడు. 1819లో ఈ ఉక్కును విశ్లేషించిన మైకేల్ ఫారడే, అటుపై స్టోడార్ట్‌తో కలసి మిశ్రలోహపు ఉక్కులపై ప్రయోగాలు సాగించాడు. విద్యుత్ శాస్త్రంలో ఘనకీర్తి గడించకముందు ఫారడేను ఆకర్షించిన సమస్యలలో మన ఉక్కు ఒకటన్నమాట.

చారల రహస్యం

క్రమంగా మన కొలిములు ఆరిపోయాయి. చారల కత్తులు చేసే విద్య కూడా మరుగునపడింది. ఆ విద్యను తిరిగి వెలికితీసిన ప్రయత్నాలలో ముఖ్యమైనది అమెరికాలోనే జరిగింది. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయపు లోహశాస్త్ర ఆచార్యుడు జాన్ వెర్‌హోవెన్, ఫ్లోరిడా రాష్ట్రంలో గుర్రాలకు లాడాలు కొట్టే వృత్తిలో ఉన్న కత్తుల కళాకారుడు ఆల్ పెండ్రే కలసి, మూసలో ఉక్కు కరిగించి, పాత కత్తులను పోలిన చారలను సాధించారు. ఇనుప కార్బైడు కణాలు వరుసలుగా పేరుకొనడం వలన ఆ చారలు ఏర్పడుతాయి. అందుకు ఉక్కులో వెనేడియం వంటి మూలకం అతి స్వల్పంగా ఉండాలనీ, లక్షకు నాలుగు పాళ్ళు ఉన్నా చాలుననీ 1998లో వారు ప్రకటించారు. సరైన ఖనిజం దొరకకుండా పోవడమే ఆ విద్య అంతరించడానికి కారణం కావచ్చునని వారి ఊహ.

మరి ప్రదర్శనలోని "డమాస్కస్" చాకుల మాటేమిటి? వాటిలో అత్యధికం మూస ఉక్కు కావు. రెండు రకాల ఉక్కు రేకులను పేర్చి, కాల్చి, సుత్తితో అతికి, మడిచి చేసినవి. వీటిలో ఒక ఉక్కులో సాధారణంగా నికెల్ ఉంటుంది. ఫెర్రిక్ క్లోరైడు ద్రావణంలో ముంచినప్పుడు నికెల్ ఉన్న పొర మెరుస్తూ నిలుస్తుంది, రెండవది నల్లబడుతుంది. 1973లో విలియం మోరన్ అనే కళాకారుడు ఇటువంటి చాకులను ప్రదర్శించిన నాటినుండి అమెరికాలో ఈ విద్యకు పునరుజ్జీవనం కలిగింది. ఇది గొప్ప పనితనమే, సందేహం లేదు. కాని చారలు చాకు పదునును పెంచవు. అందానికై కొనదలచినవారు నిశ్చింతగా కొనవచ్చు. పదునుకై మాత్రం ఆ హెచ్చు ధర చెల్లించవద్దు.

నేటి ఉక్కులు

ఆధునిక ఉక్కులలో కార్బైడు కణాలు కాంక్రీటులో కంకర వంటివి. అవి ఎంత గట్టివైతే పదును అంతకాలం నిలుస్తుంది. మన మూస ఉక్కులో లేశమాత్రంగా ఉన్న వెనేడియమే, 2001లో చాకుల కోసం క్రూసిబుల్ అనే అమెరికన్ సంస్థ ప్రవేశపెట్టిన ఎస్30వి ఉక్కులో నూటికి నాలుగు పాళ్ళు ఉంటుంది. క్రూసిబుల్ అంటే మూస! కరిగిన ఉక్కును నైట్రోజన్ వాయువుతో తుంపరలుగా చిమ్మి, ఆ పొడిని అధిక పీడనంలో వేడిచేసి అతికిస్తారు. అందువలన కార్బైడు కణాలు సూక్ష్మంగా, సమంగా ఉంటాయి. దాని పదును చాలాకాలం నిలుస్తుంది. అయితే వెనేడియం కార్బైడు సాధారణ సానరాళ్ళలోని అల్యూమినియం ఆక్సైడు కంటె గట్టిది. కనుక ఒకసారి మొద్దుబారితే పదును పెట్టడానికి వజ్రపు సాన ఉంటే మేలు.

తుప్పు విషయంలో ఒక హెచ్చరిక. ఇనుములో కరిగియున్న క్రోమియం నూటికి పదకొండు, పన్నెండు పాళ్ళు ఉంటేనే పైన రక్షణనిచ్చే ఆక్సైడు పొర నిలుస్తుంది. అయితే కర్బనం ఎక్కువైతే అది క్రోమియంను కార్బైడుగా పట్టి ఉంచుతుంది. డి2 అనే ఉక్కులో క్రోమియం పన్నెండు పాళ్ళున్నా, కర్బనం ఒకటిన్నర పాలు ఉన్నందున అది మరకలు పడుతుంది. ఎఇబి-ఎల్ అనే ఉక్కులో క్రోమియం పదమూడు పాళ్ళే గాని, కర్బనం ముప్పాతిక పాలుకంటె తక్కువ; కనుక అది నిమ్మరసానికి తట్టుకొంటుంది. స్వీడన్‌లో క్షౌరపు బ్లేడ్ల కోసం రూపొందించిన ఈ ఉక్కులో కార్బైడు కణాలు చాలా చిన్నవి. అది చక్కని పదును తీసుకొంటుంది, సులభంగా విరగదు, మామూలు సానరాయికి లొంగుతుంది. పదును నిలిచే కాలం మాత్రం ఎస్30వి కంటె తక్కువ.

అన్నిటికంటె ముఖ్యమైనది ఉక్కు పేరు కాదు, దానికి జరిగిన ఉష్ణచికిత్స. పేరుగాంచిన ఉక్కు తప్పుగా కాలితే సామాన్యమైన ఉక్కుకు తీసిపోతుంది. మంచి బియ్యం ఉన్నంత మాత్రాన అన్నం బాగా కుదురుతుందా?

కొనేముందు చూడవలసినవి

మొదట పరిమాణం. నిత్యం జేబులో ఉంచుకొనే చాకుకు మూడు అంగుళాలకు మించిన అలుగు అనవసరం. అలుగు వాదర దగ్గర పలుచగా ఉండాలి. దళసరి అలుగు ఎంత గట్టిదైనా ఆపిల్ పండును కోయదు, చీలుస్తుంది.

రెండవది బిగింపు. పాత పద్ధతి చాకులలో అలుగును స్ప్రింగు బలం మాత్రమే నిలుపుతుంది. కొన్నిటిలో పిడి వెన్నున ఒక మీట ఉంటుంది. 1980ల నాటికి మైకేల్ వాకర్ రూపొందించిన పద్ధతిలో, పిడి లోపలి పలుచని లోహపు రేకు ప్రక్కకు వంగి అలుగు మడమను ఆపుతుంది. దక్షిణాఫ్రికా నుండి వచ్చి ఐడహో రాష్ట్రంలో స్థిరపడిన క్రిస్ రీవ్ అదే సూత్రంతో టైటానియం పిడినే స్ప్రింగుగా మలచాడు. ఆ చాకుకు పెట్టిన "సెబెంజా" అన్న పేరుకు జులూ భాషలో పని అని అర్థం. ఎంత చక్కని పేరు! ఏ పద్ధతి అయినా, తెరచిన అలుగు ఇటూ అటూ కదలరాదు. మూసినప్పుడు పిడి మధ్యలో నిలవాలి.

మూడవది చట్టం. ఇది రాష్ట్రానికొక తీరు, కొన్నిచోట్ల నగరానికొక తీరు. న్యూయార్క్ రాష్ట్రంలో ఒంటిచేత్తో విదిలించితే తెరచుకొనే చాకులపై ఉన్న పాత నిషేధం వలన పనిపాటల కోసం మామూలు మడత చాకు ఉంచుకొన్నవారు సైతం అరెస్టయ్యేవారు. 2019లో ఆ నిషేధాన్ని తొలగించారు. ఫెడరల్ కార్యాలయాలకు సంబంధించిన చట్టం రెండున్నర అంగుళాలకు లోపు జేబు చాకును ఆయుధంగా లెక్కించదు. అయినా న్యాయస్థానాల వంటి చోట్ల లోపలికి రానివ్వకపోవచ్చు. పాఠశాలలకు చాకు తీసుకొనిపోనే రాదు. కళాశాల వసతిగృహాల నిబంధనలు ముందుగా చదవాలి. మా అమ్మాయి చేత నేను చదివించినది మొదట ఆ నిబంధనలనే. రెండున్నర అంగుళాల లోపు మడత చాకుకు అక్కడ అభ్యంతరం లేదని తేలిన తరువాతనే బయలుదేరాను. కత్తి పట్టిన వ్యక్తిని బట్టి చూసేవారి దృష్టి మారే దేశంలో మన పిల్లలకు ఈ జాగ్రత్త ఇంకొంచెం అవసరమని నా శ్రీమతి అన్నమాటను నేను కాదనలేకపోయాను.

నాలుగవది తయారీదారును అడగవలసిన ప్రశ్నలు. ఉక్కు ఏది? ఉష్ణచికిత్స ఎవరు చేశారు, కాఠిన్యం ఎంత? పాడైతే తిరిగి బాగుచేస్తారా? అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీలో గుర్తింపు కోరే కళాకారుడు తాను కొట్టిన కత్తితో వేలాడుతున్న తాడును ఒక్క వేటుకు తెంచి, కొయ్యదుంగను రెండుగా నరికి, అప్పటికీ చేతిమీది వెంట్రుకలు గొరిగి, చివరకు అలుగును తొంభై డిగ్రీలు వంచినా విరగలేదని నిరూపించాలి. ఆ పరీక్ష మడత చాకులకు ఉద్దేశించినది కాదు గాని, అందులోని నీతి మనకు పనికివస్తుంది. మంచి పనివాడు ఇటువంటి ప్రశ్నలకు విసుగు చెందడు.

నేను అడిగిన చివరి బల్ల దగ్గర ఒక వృద్ధుడు అలుగును ద్రవ నైట్రోజన్‌లో ఎప్పుడు, ఎందుకు ముంచుతాడో పది నిమిషాలు ఓపికగా వివరించాడు. రసాయన శాస్త్రజ్ఞుడనని చెప్పకుండా విన్నాను. ఆయన చెప్పినదానిలో తప్పు లేదు. ఎఇబి-ఎల్ ఉక్కు, కాఠిన్యం రాక్‌వెల్ కొలతలో 61, రెండుంబావు అంగుళాల అలుగు, కొమ్ము పిడి, చారలు లేవు. అదే తీసుకొన్నాను. అమ్మాయి దానిని తానే సానపట్టుకోగలదు. వాడేవారు పోషించుకోగలిగినదే వారికి మంచి ఉక్కు. వెయ్యి డాలర్ల చాకు మొద్దుబారి సొరుగులో పడియుంటే దానివలన ప్రయోజనమేమి?

ఇంటికి వచ్చి చాకును వంటింటి గట్టు మీద ఉంచి తీసుకోమన్నాను. అమ్మాయి తీసుకొని, ఒక సెంటు నాణెం నా చేతిలో పెట్టింది. కత్తిని ఊరకే పుచ్చుకొంటే ఆప్యాయత తెగుతుందని ఇక్కడివారికీ ఒక నమ్మకం ఉన్నదట. నాణెం ఇస్తే కొన్నట్లే లెక్క. మా శ్రీమతి ఏమీ అనకుండా బుట్టలోనుండి ఒక నిమ్మకాయ తీసి అమ్మాయి ముందు పెట్టింది. కాయ రెండు చెక్కలయింది. అలుగు నల్లబడలేదు. క్షణకాలం ఆ నలుపు కోసం నా కళ్ళు వెదికాయి.

"తుడిచి మడువు" అన్నాను. "ఇంకొక మాట, విమానం ఎక్కే ముందు జేబులు చూసుకో." ఎందుకని అడిగింది. అప్పుడు తాతగారి చాకు కథ మొదటినుండి చెప్పాను.